నొప్పి మీద చెయ్యి వేసేవాళ్లకు ఎంత చదువుండాలి?

ఫోన్ తెరిస్తే చాలు, ఈ మధ్య ఒక తరహా ప్రకటనలు తరచుగా ఎదురవుతున్నాయి. రెండు రోజుల వర్క్‌షాప్. ఫేషియా వైద్యం. చేతితో చేసి చూపిస్తాం, మీతోనూ చేయిస్తాం. మెడ, నడుము, భుజం, మోకాలు, మడమ... కండరాల నొప్పి అయినా కీళ్ల నొప్పి అయినా ఇదే మార్గం. చివరి రోజు సర్టిఫికెట్. కొన్నిట్లో కప్పింగ్ కూడా కలిపే నేర్పుతామంటారు. ఎవరు చేరొచ్చు అంటే, ఫిజియోథెరపిస్టులు మాత్రమే అని కొందరు స్పష్టంగా రాస్తున్నారు. ఆసక్తి ఉన్నవారెవరైనా రావచ్చని మరికొందరు అంటున్నారు.

ఈ చిన్న తేడాలోనే అసలు సంగతి ఉంది. ఈ శిక్షణలు మోసమా, మంచివా అని ఒక్క మాటలో తేల్చేయడం కుదరదు. చదువుకున్న చేతికి ఇవి పదును పెడతాయి. చదువే లేని చేతికి మాత్రం ధైర్యాన్నిచ్చి వదిలేస్తాయి. ఆ ధైర్యానికి మూల్యం చెల్లించేది నొప్పితో వచ్చిన మనిషి. మన ఇళ్లల్లో ఈ రెండు వైపులా మనుషులున్నారు. ఫీజు కట్టి నేర్చుకుందామనుకునే పిల్లలున్నారు. చికిత్స కోసం వెళ్లే అమ్మీలు, నానీలు, ఖాలాలూ ఉన్నారు. కాబట్టి విషయం కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

ఫేషియా అంటే ఏమిటి?

మాంసం కడిగి కోసే ప్రతి ఇంట్లో ఇది తెలిసినదే. కండ మీద తెల్లగా, పలుచగా, సాగే పొర ఒకటి ఉంటుంది. మన ఇళ్లల్లో ఝిల్లీ అంటాం. మనిషి శరీరంలోనూ అలాంటి పొరలే చర్మం కింద, కండరాల చుట్టూ, కండరాల లోపల, నరాలు, రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. వాటినే ఫేషియా అంటారు. కొన్నిచోట్ల అది పలుచని పొర, మరికొన్నిచోట్ల మందమైన పట్టీ. అరికాలి కింద ఉండే ప్లాంటార్ ఫేషియా, నడుము దగ్గర వెడల్పుగా పరుచుకున్న థొరకోలంబార్ ఫేషియా, తొడ బయటి వైపు ఉండే ఫేషియా లేటా అలాంటివి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టయ్యే నొప్పి చాలామందికి అనుభవమే. అది ఎక్కువగా ఈ ప్లాంటార్ ఫేషియా సమస్యే.

చాలాకాలం వైద్య విద్యార్థులు శవ పరీక్షలో ఈ పొరను తీసి పక్కన పడేసి, దాని కింది కండరాన్ని చూసేవారు. ఇప్పుడు దీన్నీ శ్రద్ధగా చదువుతున్నారు. ఈ పొరల్లో నొప్పిని, కదలికను మెదడుకు చేరవేసే నరాల కొసలు ఉన్నాయి. పొరకూ పొరకూ మధ్య హైలురోనన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జారడానికి అది తోడ్పడుతుంది. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త బృందం దీని మీద చాలా పని చేసింది. 2007లో అమెరికాలోని బోస్టన్‌లో, హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో ఫేషియా మీద మొదటి అంతర్జాతీయ పరిశోధన సదస్సు జరిగింది. అంటే ఫేషియా అనేది ఎవరో అమ్ముకోవడానికి సృష్టించిన మాట కాదు. శాస్త్రం ఉన్న విషయమే.

చేతి వైద్యం ఎక్కడి నుంచి వచ్చింది?

చేతితో నొక్కి, లాగి, రుద్ది నొప్పి తగ్గించడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. యునానీలో దల్క్ పేరుతో మర్దన ఉంది. ఇలాజ్ బిత్ తద్బీర్ అనే విభాగం కింద దాన్ని ఇప్పటికీ నేర్పుతారు. హైదరాబాద్ పాతబస్తీలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాయలసీమ వైపు పుత్తూరు కట్టు అంటే తెలియనివారు లేరు.

పాశ్చాత్య దేశాల్లో 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ ఆస్టియోపతీని ప్రకటించాడు. ఫేషియాకు అతను చాలా ప్రాధాన్యం ఇచ్చాడు. 20వ శతాబ్దంలో ఐడా రోల్ఫ్ అనే మహిళ తన పేరుతోనే రోల్ఫింగ్ పద్ధతిని తెచ్చింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యురాలిగా పనిచేసిన జానెట్ ట్రావెల్, కండరాల్లో నొక్కితే నొప్పి వేరే చోటికి పాకే బిందువులను గుర్తించి ట్రిగ్గర్ పాయింట్లు అంది. డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె రాసిన గ్రంథం మొదటి భాగం 1983లో వచ్చింది. ఇటలీ ఫిజియోథెరపిస్టు లుయిజీ స్టెక్కో ఫేషియల్ మానిప్యులేషన్ అనే పద్ధతిని రూపొందించాడు. కార్లా ఆయన కూతురే. ఇవాళ మన దగ్గర వర్క్‌షాపుల్లో నేర్పే పద్ధతులు చాలావరకు ఈ ధారల్లోంచి వచ్చినవే.

వీళ్లలో ఎవరూ రెండు రోజుల్లో నేర్చుకున్నవాళ్లు కాదు. స్టిల్ వైద్యం చేస్తూ వచ్చినవాడు. ట్రావెల్, సైమన్స్ వైద్యులు. రోల్ఫ్ బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసింది. ముందు శరీరం గురించి చదివారు, ఆ తర్వాత చేతికి పని చెప్పారు.

పరిశోధన ఎంతవరకు ఒప్పుకుంటోంది?

వర్క్‌షాపుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది: 'ఫేషియా అతుక్కుపోయింది, మేం చేతితో విడదీస్తాం.' వినడానికి బాగుంటుంది. కానీ అమెరికాలో 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీన్ని గణితంతో పరీక్షించింది. తొడ మీది ఫేషియా లేటా, అరికాలి ప్లాంటార్ ఫేషియా లాంటి గట్టి పొరలను ఒక్క శాతం నొక్కడానికైనా, పక్కకు జరపడానికైనా కావాల్సిన బలం మామూలు మనిషి చేతికి సాధ్యం కానంత ఎక్కువని తేలింది. అంటే గట్టి పొరల్ని చేత్తో చీల్చి విడదీయడం అన్నది జరిగే పని కాదు.

మరి చికిత్స తర్వాత తేలికగా ఎందుకు అనిపిస్తుంది? ఆ ఉపశమనం నిజమే, ఊహ కాదు. నెమ్మదిగా, సరైన ఒత్తిడితో తాకినప్పుడు నరాల ద్వారా మెదడుకు వేరే సందేశం వెళుతుంది. బిగుసుకున్న కండరం వదులవుతుంది. నొప్పి భయం కొంత తగ్గుతుంది. మనిషి కదలగలుగుతాడు. ఆ కదలికే అసలు మందు. నొప్పి తగ్గిన ఆ కాసేపటిని వాడుకుని వ్యాయామం మొదలుపెడితే మేలు నిలుస్తుంది. ఊరికే మంచం మీద పడుకుని వారానికోసారి నొక్కించుకుంటూ ఉంటే నొప్పి మళ్లీ తిరిగొస్తుంది, ఫీజు కూడా మళ్లీ కట్టాల్సి వస్తుంది.

దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. వ్యాయామం, నొప్పి గురించి అవగాహన కల్పించడం, మర్దన, వెన్ను మీద చేతితో చేసే చికిత్స ఇవ్వొచ్చని చెప్పింది. అయితే మర్దనకు ఉన్న ఆధారాలు బలమైనవి కావని కూడా చెప్పింది. నడుము బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టడంగా మనం పిలిచే టెన్స్ లాంటివి మామూలుగా వాడొద్దంది. మన పట్టణాల్లో చాలాచోట్ల జరిగేది ఈ చివరి జాబితాలోవే. కాబట్టి యంత్రం తగిలించి వెళ్లిపోయేవారికంటే, చేతితో పరీక్షించి, వ్యాయామం నేర్పే థెరపిస్టు ఎంతో మేలు. ఫేషియా శిక్షణను మంచి థెరపిస్టులు ఇష్టపడేది అందుకే.

రెండు రోజుల్లో రానిది ఏమిటి?

ఒక పట్టు ఎలా పట్టాలో రెండు రోజుల్లో నేర్పొచ్చు. ఆ పట్టు ఎప్పుడు పట్టకూడదో రెండు రోజుల్లో రాదు. నొప్పి ఒకచోట, కారణం మరోచోట ఉండటం వైద్యంలో రోజూ చూసేదే.

నడుము నొప్పితో పాటు సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో క్షయ ఇంకా పోలేదు. అలాంటి వెన్ను మీద బలంగా నొక్కితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. నడుము నొప్పితో పాటు రెండు కాళ్లలో బలం తగ్గడం, మల మూత్రాల మీద అదుపు పోవడం, కూర్చునే చోట తిమ్మిరి ఉంటే అది అత్యవసరం. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎడమ భుజం, దవడ నొప్పితో చెమటలు పడితే అది కండరం కాదు, గుండె అనుకోవాలి. మెడను ఒక్కసారిగా విసురుగా తిప్పితే మెడలోని రక్తనాళం చిట్లి పక్షవాతం రావడం అరుదే గానీ, జరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

షుగర్ సంగతి మన ఇళ్లల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. షుగర్ ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, మిగతావారికంటే ఎక్కువ. అది నయం కావడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. ఓపికతో చేసే వ్యాయామం కావాలి. ఒక్క సిట్టింగులో తెరిపిస్తామని చెయ్యి బలంగా లాగితే మంచి కంటే చెడే ఎక్కువ. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ మనిషికి గట్టిగా గీరినా, వేడి పెట్టినా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గట్టిగా నొక్కితే లోపల రక్తం చిమ్ముతుంది.

ఇవన్నీ తెలియడమే చదువు. చెయ్యి నొక్కడం దాని తర్వాతి సంగతి.

చట్టం ఏం చెబుతోంది?

2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఫిజియోథెరపీ దాని పరిధిలోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటలు చదివిన డిగ్రీ ఉండాలి. అది మూడేళ్ల నుంచి ఆరేళ్ల వ్యవధిలో సాగాలి. ఇప్పుడు రెండు రోజుల వర్క్‌షాప్ లెక్క వేయండి. రోజుకు 8 గంటలనుకున్నా 16 గంటలు. చట్టం అడిగిన దాంట్లో 225వ వంతు.

ఈ చట్టం అమలు నత్తనడకన సాగింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు ఏర్పాటు కావడం ఆలస్యమైంది. రెండు నెలల్లోగా అమలు చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఇంకో గొడవ. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవద్దని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసింది. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. వార్తల్లో అంతా ఆ ఒక్క బిరుదు గురించే మాట్లాడారు. డాక్టరని రాసుకోవాలా వద్దా అని చదువుకున్నవాళ్లు వాదించుకుంటుంటే, ఏ చదువూ లేకుండా గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టినవారి గురించి అడిగేవారు లేకుండా పోయారు.

సుప్రీంకోర్టు 1996లోనే పూనమ్ వర్మ కేసులో ఒక మాట తేల్చి చెప్పింది. ఒక వైద్య విధానంలో చదువు లేకుండా ఆ వైద్యం చేసేవారు నకిలీ వైద్యులే. ఆ కేసులో ఉన్నది హోమియోపతీ చదివి అల్లోపతీ మందులు ఇచ్చిన వైద్యుడు. ఇంకో విధానంలో డిగ్రీ ఉన్నవారికే ఆ మాట వర్తిస్తే, ఏ డిగ్రీ లేనివారి సంగతి ఇంక చెప్పాలా?

హిజామా పేరు మీద

మన కుటుంబాల్లో హిజామా మీద నమ్మకం, గౌరవం ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటి మీద కప్పుల గుర్తులు టీవీలో కనిపించాక అది అందరి నోళ్లలో నానింది. ఇప్పుడు ఫేషియా వర్క్‌షాపుల్లో పొడి కప్పింగ్‌నూ కలిపేస్తున్నారు. పొడి కప్పింగ్‌లో చర్మం కోయరు. హిజామాలో బ్లేడుతో గీసి రక్తం తీస్తారు. ఈ రెండూ ఒకటి కావు. రక్తం బయటికి వచ్చే ప్రతిచోటా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ప్రమాదం ఉంటుంది. బ్లేడు, కప్పు, గ్లౌజులు ఒక్కరికే వాడి పారేయాలి. ఆ చెత్తను మామూలు చెత్తబుట్టలో వేయకూడదు, 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వేరుగా పంపాలి.

బీయూఎంఎస్ చదివిన హకీమ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదువుతాడు. చార్మినార్ దగ్గర ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల ఉన్నాయి. అలా చదివి వచ్చినవారు ఉండగా, దీన్ పేరు చెప్పి బ్లేడు పట్టే ప్రతి ఒక్కరినీ నమ్మాల్సిన పని లేదు. నమ్మకం మనది, శుభ్రత బాధ్యత వాళ్లది. అడిగితే నొచ్చుకునేవాడి దగ్గర చేయించుకోకపోవడమే మంచిది.

ఫీజు కట్టే పిల్లల సంగతి

ఇంటర్ అయ్యాకో, డిగ్రీ మధ్యలో ఆపేశాకో ఏదో ఒక పని నేర్చుకోవాలని ఆరాటపడే పిల్లలు మన ఇళ్లల్లో చాలామంది. సర్టిఫికెట్ ఉంటే గల్ఫ్‌లో ఉద్యోగం వస్తుందన్న మాట వాళ్లను త్వరగా లాగుతుంది. నిజం ఏమిటంటే, సౌదీలో ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఆ దేశపు ఆరోగ్య వృత్తుల కమిషన్‌లో నమోదు కావాలి. దుబాయిలో అయితే అక్కడి ఆరోగ్య శాఖ లైసెన్సు కావాలి. డిగ్రీ పత్రాలను కాలేజీతో సరిచూస్తారు, పరీక్ష పెడతారు, అనుభవం అడుగుతారు. వారాంతపు సర్టిఫికెట్ ఈ గడప దాటదు.

మన రాష్ట్రాల్లో బీపీటీ నాలుగున్నరేళ్ల కోర్సుగా నడుస్తూ వచ్చింది. కొత్త పాఠ్యప్రణాళిక దాన్ని ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చేసింది. కాలం ఎక్కువే. కానీ ఆ చదువు తర్వాత ఇదే ఫేషియా వర్క్‌షాపుకు వెళితే చేతికి నిజమైన విలువ వస్తుంది. పునాది లేకుండా మేడ మీద గది కట్టలేం కదా.

ముఖ్యంగా ఆడపిల్లలు ఈ చదువు వైపు రావాలి. పాతబస్తీలో మగ్గం ముందు గంటల తరబడి వంగి కార్చోబ్ పని చేసే ఆడవాళ్లున్నారు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవాళ్లున్నారు. మెడ, భుజం, నడుము నొప్పి వాళ్లకు రోజువారీ తోడు. మగ థెరపిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడి ఏళ్ల తరబడి నొప్పి ఓర్చుకుంటారు. చివరికి వీధి చివర ఆడమనిషి మాలిష్ చేస్తుందని తెలిసి అక్కడికి వెళతారు. ఆమె మంచిదే కావచ్చు, చదువు లేదు. ఈ ఖాళీని నింపాల్సింది మన ఇంటి నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయిలు. ఒక అమ్మాయి బీపీటీ చదివితే ఒక బస్తీ ఆడవాళ్లకు మొహమాటం లేని వైద్యం దొరికినట్టే.

వెళ్లే ముందు, చేరే ముందు

చికిత్సకు వెళ్లేవారు నాలుగు సంగతులు అడగాలి. మీరు ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు? ఈ కేంద్రానికి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? ఎన్ని సిట్టింగులు పడుతుంది, తగ్గకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు? ఇంట్లో నేను చేయాల్సిన వ్యాయామం ఏమిటి? మొదటి రోజు షుగర్, బీపీ, వాడే మందులు, జ్వరం, పాత దెబ్బల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పడుకోమన్నారంటే అక్కడి నుంచి లేచి రావచ్చు. ముందుగా 20 సిట్టింగుల డబ్బు కట్టమంటే తొందరపడొద్దు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయని గుర్తుంచుకోండి.

నేర్చుకోవడానికి చేరేవారు ఇంకో మూడు అడగాలి. చేరడానికి ఏ అర్హత అడుగుతున్నారు? ఒక గురువుకు ఎంతమంది విద్యార్థులు? ఎప్పుడు చేయకూడదన్న దానికి ఎంత సమయం కేటాయించారు? ఎవరైనా రావచ్చు అన్న వర్క్‌షాప్‌లో వైద్యం నేర్పడం లేదు, సీట్లు అమ్ముతున్నారు. వందమందిని హాలులో కూర్చోబెట్టి వేదిక మీద చేసి చూపిస్తే అది చేతి శిక్షణ కాదు. మన చేతి మీద గురువు చెయ్యి వేసి, ఇక్కడ తగ్గించు, ఇక్కడ ఆపు అని చెప్పగలిగితేనే అది శిక్షణ.

మసీదు కమిటీలు, సేవా సంఘాలు ఉచిత నొప్పి శిబిరాలు పెడుతుంటాయి. మంచి పని. మోకాళ్ల నొప్పితో కుర్చీలో నమాజ్ చేసే పెద్దలు ప్రతి మసీదులోనూ కనిపిస్తారు. వాళ్లకు ఈ శిబిరాలు అవసరమే. అయితే వచ్చి చెయ్యి వేసేవారి డిగ్రీ, నమోదు పత్రాలను నిర్వాహకులు ముందే చూసి, ఒక కాపీ పెట్టుకోవాలి. ఉచితం కాబట్టి అడగకూడదన్న మొహమాటం వద్దు. జనం అక్కడికి వచ్చేది మసీదు పేరు చూసి, కమిటీ పెద్దల మీద ఉన్న నమ్మకంతో.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. రాష్ట్ర కౌన్సిళ్లు చురుగ్గా పనిచేయాలి. నమోదైనవారి జాబితా ఎవరైనా ఫోన్‌లో వెతుక్కునేలా తెలుగులో, ఉర్దూలో పెట్టాలి. డిగ్రీ లేనివారికి వైద్య శిక్షణ సర్టిఫికెట్లు అమ్మే సంస్థలను ప్రశ్నించాలి. అది జరిగేదాకా ఆ ప్రశ్న అడగాల్సింది మనమే. నొప్పితో ఉన్న మనిషి ఎవరినైనా నమ్ముతాడు. పక్కన ఉన్నవాళ్లయినా ఒక్క నిమిషం ఆగి, 'మీరేం చదివారు?' అని అడగాలి.